బిల్లు రాని ఎండాకాలం

మా మామ రాజం బొగ్గుబాయిలో ముప్పై ఆరేళ్ళు పనిచేశాడు. దిగిపోయేనాటికి రెండు చెవులనూ ఆ బాయికే ఇచ్చి వచ్చాడు. నేను చెప్పే ఎండాకాలం నాటికి నేను బెల్లంపల్లికి కోడలిగా వచ్చి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ ఆయనతో నా ముచ్చట్లన్నీ చేతులతోనే. అన్నానికి పిలవాలంటే చేయి నోటి దగ్గరికి తీసుకుపోవడం, ఆయన కొడుకు, అంటే నా భర్త రాకేశ్, వచ్చాడని చెప్పాలంటే గాలిలో బండి హ్యాండిల్ తిప్పడం. తప్పనిసరైతే చెవి దగ్గర నోరు పెట్టి అరిచేదాన్ని. అరిస్తే ఆయనకు సగం వినబడేది, గల్లీకి మొత్తం వినబడేది.

వినబడని మనిషి ఇంట్లో ఉంటే మిగతావాళ్ళకు ఒక చెడ్డ అలవాటు అవుతుంది. ఆయన మందుల ఖర్చు గురించి ఆయన మంచం మీద కూర్చునే మాట్లాడుకునేవాళ్ళం. మా అత్త లస్మవ్వ అయితే ఆయన ముఖంలోకి నవ్వుతూ చూస్తూనే "ముసలి దున్నపోతా, ఎండ నెత్తి మీదికొచ్చింది, ఇంకెప్పుడు లేస్తవ్" అనేది. ఆయన కూడా నవ్వేవాడు.

కంపెనీ దవాఖానలో ఎప్పుడో ఇచ్చిన చెవి మిషన్ ఒకటి ఉండేది. పెట్టుకుంటే కుయ్యిమని కూసేది. ఆయన దాన్ని పాత సబ్బుపెట్టెలో వేసి మూత పెట్టాడు. ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడు ఏప్రిల్ మొదట్లో, కరీంనగర్‌లో జియావుల్లా అనే ఆయన చెవులు పరీక్ష చేసి మంచి మిషన్లు పెడతాడని మా బడిలో ఎవరో చెబితే, మామను వెంటబెట్టుకుని నేనూ రాకేశూ పోయాం.

మెట్లెక్కి పోతే చిన్న గది. జియావుల్లాకు యాభై ఏళ్ళుంటాయి. గడ్డానికి మైదాకు రంగు, ముక్కు మీద జారిపోయే కళ్ళద్దాలు. కంప్యూటర్ ముందు గంటన్నర సేపు మామ చెవులతో కుస్తీ పట్టాడు. చివరికి గోరంత మిషన్లు రెండు చెవుల వెనక తగిలించి, ఏమీ అనకుండా లేచి, మామ వెనక్కి పోయి నిలబడ్డాడు. మామూలు గొంతుతో అడిగాడు.

"రాజం చాచా, చాయ్ తాగుతవా?"

మామ వెనక్కి తిరిగాడు. "చక్కెర జర తక్కువెయ్యమను" అన్నాడు.

రాకేశ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

రెండు చెవులకూ కలిపి నలభై ఆరు వేలు. నా క్రెడిట్ కార్డు ఇచ్చాను. బ్యాంకు మనిషి ఒకరోజు మా ప్రైవేటు బడికి వచ్చి టీచర్లందరికీ అంటగట్టిన కార్డు అది. అంత పెద్ద మొత్తానికి దాన్ని వాడటం అదే మొదలు. స్లిప్పు మీద అక్షరాలు వెలిసిపోయినట్టు వచ్చాయి. ఫోన్‌కు మాత్రం నలభై ఆరు వేలు ఖర్చయినట్టు మెసేజ్ టింగుమని వచ్చింది. నెలాఖరుకు నా చిట్టీ చేతికొస్తుంది, బిల్లు రాగానే కట్టేయాలి. లెక్క అంతవరకే.

"ఒక నెల రోజులు చెవులకు అలవాటు కావాలె," అని జియావుల్లా నాకు చెప్పాడు. "వారం వారం నేనే ఫోన్ చేస్త. ఇంట్ల ఉండే నంబర్ ఇయ్యి బేటీ." మా అత్త ఫోన్ నంబరు రాయించాను.

ఇంటికి వచ్చిన మరుసటి రోజు పొద్దున మామ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఊడుస్తున్న చీపురు చప్పుడు విన్నాడు. పాలవాడి బండి, గోడ మీద ఉడుత, పక్కింటి కుక్కర్, ఒక్కోదానికీ తల తిప్పి చూశాడు. ఎనిమిది దాటాక లోపలికొచ్చి అడిగాడు.

"కోమలా, బాయి సైరన్ కూత ఎప్పుడు బందైంది?"

"చాన్నాళ్ళాయె మామా. నేనొచ్చిన రెండేండ్లకే బందు వెట్టిండ్రు."

"అట్లనా?" అని చెవి మిషన్ తడుముకున్నాడు. "నాకే వినవడ్తలేదనుకున్న."

వేసవి సెలవులిచ్చారు. ప్రైవేటు బడుల్లో సెలవులంటే జీతం కూడా సెలవే. అయినా ఆ ఏప్రిల్ తలచుకుంటే ఇప్పటికీ నాకు లోపల చల్లగా ఉంటుంది. బోళ్ళు తోముతూ పాడుకోవడం నాకు అలవాటు. నాట్లేసేటప్పుడు మా అవ్వ పాడే పాటలు. పదకొండేళ్ళుగా ఆయన పక్కనే కూర్చుని పాడుతున్నాను. ఒకరోజు బిందె నింపడానికి లేచి పాట ఆపేస్తే, "ఏం బిడ్డా, మిగిలింది పాడవా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కదల్లేదు. మిగిలింది పాడించుకునే లేచాడు.

మా అత్తకు అలవాటు మారడం ఇంకా కష్టమైంది. మామిడికాయ తొక్కు పెట్టేరోజు, కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతూ, ఎప్పటిలాగే నవ్వుముఖంతో, "ముసలి దున్నపోతు, ఉప్పు తెమ్మంటే ఊరంత తిరిగి ఉత్త చేతులతోనొచ్చింది" అంది.

"దున్నపోతునైతే గీ బస్తెడు కాయలు ఎవ్వలు మోసుకొచ్చిండ్రే?" అన్నాడు మామ.

అత్త నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "ఎప్పటిసంది తిట్టవడ్తివే గిట్ల?" అని ఆయన అడిగితే, "నువ్వు వినుడు బందు చేసినకాడి నుంచి" అంది. ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ గొడవలో కారం రెండుసార్లు పడి, ఆ ఏడు తొక్కు నోట్లో పెట్టుకోలేకపోయాం.

జియావుల్లా చెప్పినట్టే ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. మామే మాట్లాడేవాడు. ఫోన్ చెవికి పెట్టుకుని, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఆ వారం కొత్తగా ఏమేం వినబడ్డాయో చెప్పేవాడు. "పొయ్యి మీద అన్నం ఉడుకుతాంటె గూడ చప్పుడైతది జియా భాయ్, నీకెరుకేనా?" అని నవ్వేవాడు.

ఏప్రిల్ చివర్లో కార్డు బిల్లు వచ్చింది. అందులో నలభై ఆరు వేలు లేవు.

కిందికీ పైకీ మూడుసార్లు చూశాను. కిరాణా షాపులో పన్నెండు వందలున్నాయి, గ్యాస్ ఉంది. మిషన్ల డబ్బు ఎక్కడా లేదు. కార్డులో వాడుకోగలిగిన మొత్తం కూడా మళ్ళీ నిండుగా కనబడుతోంది, మేం కరీంనగర్ పోనే పోనట్టు. రాకేశ్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిచేస్తాడు. డ్యూటీ నుంచి రాగానే చూపించాను.

"వచ్చే నెల పడ్తదేమో" అన్నాను.

"పడ్తె కడ్దాం. పడకపోతె బ్యాంకోడు మరిసిండనుకుందాం."

"మరిస్తె మనం చెప్పొద్దా?"

"పోయినేడు ఒక్క దినం ఆలస్యమైతె ఏడువందలు గుంజిండ్రు. ఫోన్ చేసి బతిలాడితె రూలు అన్నరు. యాదికున్నదా? ఇప్పుడు వాళ్ళ రూలు వాళ్ళే మరిస్తె మనం పోయి యాది చెయ్యాల్నా?" చెప్పులు విప్పుతూ ఆగాడు. "నీ బి.ఇడి. సీటు సంగతి ఆలోచించు కోమలా. దేవుడే పంపిండనుకో."

మంచిర్యాలలో ఒక కాలేజీలో జూన్ పదిలోపు నలభై వేలు కడితే సీటు ఇస్తామన్నారు. బి.ఇడి. లేక నేను తొమ్మిదేళ్ళుగా అదే బడిలో, దాదాపు అదే జీతానికి పడి ఉన్నాను. రాకేశ్ ఆ మాట అత్యాశతో అనలేదు. నా మీది ప్రేమతోనే అన్నాడు. అందుకే దాన్ని తోసేయడం కష్టమైంది. చిట్టీ డబ్బు యాభై వేలు వచ్చి బీరువాలో కూర్చున్నాయి. బిల్లు కట్టే గడువు మే పదో తారీఖు. అది దాటిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. బ్యాంకు ఎంత పెద్దది, దానికి నలభై ఆరు వేలంటే సముద్రంలో చెంబెడు నీళ్ళు, అనుకున్నాను. అట్లా అనుకుంటే నిద్ర బాగానే పట్టింది.

మే పదహారున బడిలో పాత బకాయి జీతం ఇస్తామంటే పోయాను. అక్కడ లెక్కలు చూసే సదానందం సార్‌కు మందమర్రిలో బామ్మర్ది మొబైల్ షాపు ఉంది. సంతకం పెడుతూ, ఎవరిదో ముచ్చటలా అడిగాను. కార్డు గీకాక బిల్లులో పడకపోతే ఏమవుతుంది సార్ అని.

"ఏమయితదమ్మా, షాపోడు మునుగుతడు" అన్నాడాయన తల ఎత్తకుండానే. "గీకంగనే పైసలు షాపోనికి పోవు. బ్యాంకు ఊకె పక్కకు వెట్టి ఉంచుతది. షాపోడు సాయంత్రం కార్డు మిషన్ల లెక్క ముగించి పంపితేనే పైసలు కదులుతయ్. పంపకపోతె కొన్ని దినాలకు కార్డోనిది కార్డోనికే. మా బామ్మర్ది గట్లనే ఒక ఫోన్ పైసలు పోగొట్టుకున్నడు. కొన్నోడు మళ్ళ ముఖం చూపియ్యలే."

"అయితె బ్యాంకుకు నష్టం లేదా?"

"బ్యాంకుకేం నష్టం?" అని నవ్వాడు.

ఇంటికి నడిచి వచ్చాను. ఆటో ఎక్కాలని తోచలేదు. అప్పటిదాకా తెలియదు. అది వేరు. ఇప్పుడు తెలిసింది. తెలిసిన ఆ సాయంత్రం రాకేశ్ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చారు వడ్డించాను, చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. కాలేజీ దరఖాస్తు తెచ్చుకుని నింపాను. ఆదివారం జియావుల్లా ఫోన్ చేశాడు. డబ్బు అడుగుతున్నాడేమోనని వంటింటి తలుపు దగ్గర నిలబడి విన్నాను. మామ మాత్రం కోకిలకూ కాకికీ మధ్య తేడా పోల్చుకోవడం గురించి పావుగంట చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిది రోజులు అట్లా మోశాక ఒక మధ్యాహ్నం రాకేశ్‌కు చెప్పాను. కూలర్ మోత గదంతా నిండి ఉంది. ముందు గదిలో మామ నిద్రపోతున్నాడనుకున్నాం.

"గా పైసలు బ్యాంకుయి కావు. జియావుల్లా భాయ్‌యి. నాకు ఎరుకై ఎనిమిది దినాలాయె."

రాకేశ్ పైకప్పు చూశాడు. "ఆయన అడిగిండా?"

"అడగలే."

"ఆయనకే ఎరుకలేదేమో. ఆయన దగ్గరికి ఎంతమంది వస్తరో." అటు ఒత్తిగిలి, "జూన్ పది దాటనీ. సీటు వచ్చినంక మెల్లగ కడ్దాం" అన్నాడు.

"సరే" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

చాయ్ పెట్టి మామకు ఇవ్వడానికి ముందు గదిలోకి పోతే, ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెవులకు మిషన్లున్నాయి. గ్లాసు అందుకున్నాడు. నా ముఖం చూడలేదు.

తెల్లారి మిషన్లు వాటి డబ్బాలోకి పోయాయి. డబ్బా అలమారా పై అరలోకి పోయింది. ఏమైందని అత్త చేతులతో అడిగితే, "నొస్తున్నయ్" అన్నాడు. అంతే. మళ్ళీ మా ఇంట్లో చేయి నోటి దగ్గరికి, మళ్ళీ గాలిలో బండి హ్యాండిల్. అత్త ఏమన్నా ఆయన మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు, వినబడని వాళ్ళు నవ్వే ఆ పాత నవ్వు. మొదటిసారి అత్త ఆయన్ను తిట్టకుండా ఊరుకుంది. "మంచిగుండె గద కోమలా, ఏమాయె?" అని నన్నడిగింది. నేను బోళ్ళు తోముకుంటూ కూర్చున్నాను.

ఆదివారం ఫోన్ మోగింది. అత్త తీసుకుపోయి ఇస్తే మామ వద్దని చేయి ఊపాడు. నేను తీసుకున్నాను.

"చాచా లేడా బేటీ?"

"పండుకున్నడు."

అవతల ఏదో అనబోయి ఆగినట్టు అనిపించింది. "అచ్ఛా. మళ్ళ చేస్త" అన్నాడు.

ఆ సాయంత్రం మామ దగ్గరికి పోయాను. చెప్పాలి. కానీ ఎట్లా చెప్పాలి? చెవిలో అరిస్తే గల్లీ అంతా వింటుంది. మా ఇంటి గోడల అవతల నలుగురి ముందు నా తప్పు నేనే చాటుకోవాలి. చివరికి స్టూలెక్కి డబ్బా దించి, ఆయన ముందు పెట్టి రెండు చేతులూ జోడించాను. ఆయన నా చేతులు కిందికి దించాడు. ఒక్క మిషన్ తీసి కుడి చెవికి పెట్టుకున్నాడు.

"మామా, ఎల్లుండి కరీంనగర్ పోదాం" అన్నాను.

"పైసలు?"

"ఉన్నయ్."

రెండోది కూడా తీసి పెట్టుకున్నాడు.

రాకేశ్‌కు చెప్పాను. బయల్దేరే రోజు పొద్దున డ్యూటీకి పోయే ముందు బీరువా తెరిచి, నలభై ఆరు వేలు ఎంచి నా సంచిలో పెట్టాడు. గడప దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చి జేబులోంచి ఐదువందల నోటు తీశాడు. "బస్సు కిరాయి గా పైసలల్లకెళ్ళి తియ్యకు" అన్నాడు.

జియావుల్లా మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మామను కుర్చీలో కూర్చోబెట్టి చెవులు పరీక్షించబోతే, నేను డబ్బు బల్ల మీద పెట్టాను. నెల రోజులుగా బిల్లులో పడలేదని చెప్పాను. ఆయన డబ్బును ముట్టుకోలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ దినం సాయంత్రమే కార్డు మిషన్ చెడిపోయింది బేటీ. కంపెనోళ్ళు పాతది తీస్కపోయి కొత్తది ఇచ్చిండ్రు. పాతదాంట్ల మీ పైసల లెక్కొక్కటే ఉండె. నెలాఖరుకు లెక్క చూస్తే గాని నాకు సమజ్ కాలే." మెల్లగా అడిగాడు. "మీకు ఇప్పుడే తెలిసిందా?"

అవునంటే అయిపోయేది. అనడానికి నోరు తెరిచాను కూడా.

"పన్నెండు దినాలాయె మాకు ఎరుకై" అన్నాడు మామ. "ఎరుకైనా ఊకున్నం."

మాకు, అన్నాడు. ఆయనకు తెలిసి నాలుగు రోజులే. ఆ గదిలో తల ఎత్తలేకపోయాను.

జియావుల్లా మామ వైపే చూస్తున్నాడు. "నాకు ఎరుకై నెల కావస్తాంది చాచా. అడుగుదామనే ప్రతి ఐతారం ఫోన్ చేసిన. అన్నం ఉడుకుడు విన్ననని నువ్వు చెప్పవడ్తివి. కోకిలని చెప్పవడ్తివి. గా ముచ్చట్ల నడుమ పైసలు ఎట్ల అడుగుదు? వచ్చేవారం అడుగుదామనుకుంటి. వచ్చేవారం మళ్ళ గదే." నవ్వబోయాడు గానీ సరిగా రాలేదు. "మా ఇంట్ల అయితే రోజు లొల్లే. షాపు కిరాయి కట్టలే ఈ నెల."

ఆయన డబ్బు ఎంచుకోకుండానే సొరుగులో పెట్టాడు. మామ లేచి వంగి ఆ సొరుగు మళ్ళీ తెరిచాడు. "ఎంచుకో జియా భాయ్. మావోళ్ళు ఎంచింది సరిపోయిందో లేదో" అన్నాడు. జియావుల్లా ఎంచుకున్నాడు. సరిపోయింది.

ఆ ఏడు నా సీటు పోయింది. బి.ఇడి. మూడేళ్ళ తర్వాత చదివాను. ఆ ఫీజు ఎట్లా కట్టాలన్నది నలుగురం ఒక్క మంచం చుట్టూ కూర్చుని, మామ వింటుండగా, మాట్లాడుకున్నాం. అప్పటికి ఆయన వినని మాట మా ఇంట్లో ఏదీ మిగల్లేదు. రాకేశ్‌కూ నాకూ జరిగిన కొట్లాటలు కూడా ఆయన ముందే జరిగాయి. పోయిన కార్తీకంలో మామ వెళ్ళిపోయాడు. జియావుల్లా బెల్లంపల్లి దాకా వచ్చి, మట్టి అయ్యేదాకా ఉండి పోయాడు.

ఆ రోజు కరీంనగర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మామకు కిటికీ పక్క సీటు దొరికింది. చొప్పదండి దాటాం. ధర్మారం దగ్గర ఎండకు గాలి సెగలా కొడుతోంది. బస్సు అద్దాలు దడదడలాడుతున్నాయి. డ్రైవరు హారన్ మీది నుంచి చేయి తీయడం లేదు. బస్సు ప్రయాణంలో మిషన్లు తీసేయమని, లేకపోతే గాలి మోతకు తల పగిలిపోతుందని జియావుల్లా చెప్పి పంపాడు. మామ ఆ మోతకు కళ్ళు చిట్లించుకుని కూర్చున్నాడు.

"మోత ఎక్కువున్నట్టుంది మామా," అన్నాను. "తీసి సంచిల వెట్టాల్నా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఉండనీ బిడ్డా" అన్నాడు. "గిప్పుడు మంచిగ వినవడ్తాంది."